మా అపార్ట్‌మెంట్ ఫైర్ లైన్‌కి మళ్లీ ప్రెషర్ తెప్పించిన పని: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివరి వారం: ఉన్నదేమిటి, పనిచేసేదేమిటి

మాది హైదరాబాద్‌లో స్టిల్ట్ పార్కింగ్ మీద ఏడు అంతస్తుల అపార్ట్‌మెంట్. టెర్రస్ దాదాపు 24 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కట్టినప్పుడే ఫైర్ లైన్ వేశారు. మెట్ల పక్కన పైనుంచి కిందిదాకా 100 మిల్లీమీటర్ల ఎర్ర పైపు, ప్రతి అంతస్తులో ఒక హైడ్రెంట్ వాల్వ్ (మంటలార్పే హోస్ పైపు తగిలించే నల్లా), పక్కన హోస్ బాక్స్, టెర్రస్ మీద ట్యాంకు, దాని పక్కన బూస్టర్ పంపు, కింద గేటు దగ్గర ఫైర్ ఇంజన్ వాళ్లు తగిలించుకునే ఇన్‌లెట్. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఏటా రంగు కూడా వేయిస్తున్నారు. నీళ్లు వదిలి చూసినట్టు మాత్రం రిజిస్టర్‌లో ఎక్కడా లేదు.

జనరల్ బాడీ మీటింగ్‌లో ఈ పని నాకు అప్పగించారు. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో పంపులతో పనిచేసిన వాణ్ని కాబట్టి సంతోషంగా ఒప్పుకున్నాను. గడువు ఏప్రిల్ 14 అని నేనే పెట్టాను. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు ఆ రోజు నుంచే మొదలవుతాయి. ఆ వారంలో మా ఫైర్ స్టేషన్ వాళ్లను పిలిచి లైన్ చూపించాలన్నది నా కోరిక.

పని మొదలుపెట్టేముందు ఈ లైన్ ఎలా పనిచేయాలో అందరికీ అర్థమయ్యేలా నోటీసు బోర్డు మీద రాసి పెట్టాను. అదే ఇక్కడా రాస్తున్నాను.

పది మీటర్ల ఎత్తున్న నీళ్లు దాదాపు ఒక కేజీ ప్రెషర్ ఇస్తాయి. (పంపుల పనివాళ్లు కేజీల్లోనే చెబుతారు. ఒక కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో ఒత్తిడి, సుమారు ఒక బార్.) మా ట్యాంకులో నీటి మట్టం నుంచి స్టిల్ట్‌లో ఉన్న వాల్వుకు 26 మీటర్లు. అక్కడ పంపు లేకపోయినా రెండున్నర కేజీలు వస్తుంది. అదే ఏడో అంతస్తు వాల్వుకు చూస్తే ఎత్తు తేడా 5 మీటర్లు కూడా లేదు. అర కేజీ ప్రెషర్‌తో హోస్ పైపులోంచి నీళ్లు జోరుగా రావు. ట్యాంకుకు అందరికంటే దగ్గరగా ఉన్న అంతస్తుకే అందరికంటే తక్కువ ప్రెషర్. మంట వస్తే నిచ్చెనకు అందనంత పైన ఉండేదీ వాళ్లే. బూస్టర్ పంపు పెట్టేది ముందు వాళ్ల కోసమే. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకు అది ఇంకో మూడున్నర కేజీలు కలిపి లైన్‌లోకి నెడుతుంది.

ఇది ఒక వైపు. రెండో వైపు కింది ఇన్‌లెట్. మా ఎత్తు అపార్ట్‌మెంట్లకు జాతీయ భవన నిర్మాణ నియమావళి 25,000 లీటర్ల టెర్రస్ ట్యాంకు, నిమిషానికి 900 లీటర్ల పంపు ఉండాలంటుంది. మా ప్లాన్ కాగితాల్లోనూ అవే అంకెలు. భాగిస్తే అరగంట కూడా రాదు, 28 నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఆ తర్వాత ఫైర్ ఇంజన్ కింద తన పంపుతో ఇన్‌లెట్‌లోకి నీళ్లు కొడుతుంది. ఎర్ర పైపు ఒక్కటే, నీళ్లు మాత్రం పైనుంచీ రావచ్చు, కిందనుంచీ రావచ్చు. ఇది సరిగ్గా జరగాలంటే మధ్యలో ఉండే నాన్ రిటర్న్ వాల్వులు, అంటే నీళ్లను ఒక వైపే పోనిచ్చే ఎన్ఆర్‌వీలు, తమ పని తాము చేయాలి. ఈ డైరీలో సగం వాటి గురించే.

మార్చి మొదటి వారం: ట్యాంకు

పంపు జోలికి పోకముందు ట్యాంకు మూత తెరిచి టార్చి వేసి చూశాం. ట్యాంకుకు రెండు గదులు, ఫైర్ నీళ్లకు ఒకటి, ఇళ్ల వాడకానికి ఒకటి. నీళ్లు ముందు ఫైర్ గదిలోకి రావాలి, అది నిండి మధ్య గోడ పైనుంచి పొంగి వాడకం గదిలోకి పోవాలి. అలా చేస్తే ఫైర్ నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, కొత్త నీళ్లు కలుస్తూ ఉంటాయి కాబట్టి పాచి పట్టదు. మంచి ఏర్పాటు.

మధ్య గోడలో అడుగున ఎవరో రంధ్రం కొట్టి పైపు ముక్క పెట్టారు. ఏదో ఒక ఎండాకాలంలో ట్యాంకర్ రాని రోజున చేసి ఉంటారు. ఆ ఇబ్బంది నాకు తెలుసు, నీళ్ల కోసం ట్యాంకర్ల చుట్టూ తిరగడం ఇక్కడ అందరికీ అనుభవమే. కానీ దానివల్ల రోజూ స్నానాలకు పోయేది ఫైర్ నీళ్లే. మేం చూసినప్పుడు మట్టం సగానికి కింద ఉంది. పైపు ముక్క తీయించి, రంధ్రం మూయించి, వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత వేయించాం. ఇంట్లో నల్లా రాకపోతే ఫైర్ గది జోలికి పోకూడదని సెక్రటరీ గారు మెయింటెనెన్స్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఒకరిద్దరికి నచ్చలేదు. పోనీలే.

మార్చి రెండో వారం: గేటు దగ్గరి ఇన్‌లెట్

రెండు మూతుల ఇన్‌లెట్ ఇది, ఒక్కోటి 63 మిల్లీమీటర్లు. దాని ముందు పూలకుండీలు, ఒక పాత స్కూటర్. ఒక మూతికి క్యాప్ ఉంది, గొలుసుతో సహా. రెండోదానికి లేదు. గన్‌మెటల్ (ఇత్తడి లాంటి లోహం) సామాను కదా, స్క్రాప్ ధరకు పోయి ఉంటుంది.

క్యాప్ లేని మూతిలోంచి గుట్కా ప్యాకెట్లు, గులకరాళ్లు, కందిరీగ కట్టిన మట్టిగూడు బయటికొచ్చాయి. మా ప్లంబర్ అన్న చిన్న చీపురు పుల్లతో ఓపిగ్గా గీకి తీశాడు. లోపల స్ప్రింగ్‌తో ఉండే చిన్న పలక ఉంటుంది. ఒక మూతికి హోస్ తగిలించి నీళ్లు కొడితే రెండో మూతిలోంచి బయటికి చిమ్మకుండా ఆ పలక మూసుకోవాలి. ఒక గులకరాయి సరిగ్గా ఆ పలక సందులో ఇరుక్కుంది. వేలితో నొక్కితే కదల్లేదు. తీసేశాక టక్కుమని మూసుకుంది.

ఫైర్ ఇంజన్ ఇక్కడ ఎంత ప్రెషర్ కొట్టాలి? ఏడో అంతస్తు వాల్వు 22 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ ఎత్తు ఎక్కడానికే రెండు కేజీల పైన పోతుంది. పైన చేతిలో మూడున్నర కేజీలు మిగలాలి. పైపు రాపిడికి ఇంకో అర నుంచి ఒక కేజీ. మొత్తం ఆరున్నర, ఏడు కేజీలు. లైన్ అంత ప్రెషర్ తట్టుకుంటుందా అన్నది తర్వాత చూడాలని రాసుకున్నాను.

కొత్త క్యాప్ వేయించాం, ముందున్న చోటు ఖాళీ చేయించి పసుపు గీతలు కొట్టించాం. స్కూటర్ ఓనర్ మొదట విసుక్కున్నారు, నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో చూపించాక ఆయనే పక్కకు జరిపారు.

మార్చి మూడో వారం: పంపు తిరుగుతోంది, ప్రెషర్ లేదు

ఈ వారం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మొత్తం ప్రాజెక్టులో అసలు విషయం ఇక్కడే ఉంది.

పంపు 12.5 హెచ్‌పీ. స్టార్ట్ బటన్ నొక్కితే చక్కగా తిరిగింది. శబ్దం బాగుంది, వైబ్రేషన్ లేదు. గ్లాండ్ దగ్గర, అంటే పంపును తిప్పే ఇరుసు (షాఫ్ట్) బయటికొచ్చే చోట, చుక్క కూడా పడటం లేదు. అది మంచిది కాదు, గ్లాండ్ ప్యాకింగ్ నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు పడుతుండాలి, లేకపోతే షాఫ్ట్ వేడెక్కుతుంది. వాచ్‌మన్ నీళ్లు కారుతున్నాయని బిగించేశాడట. కొంచెం వదులు చేశాం.

కానీ గేజ్ ఒకటింపావు కేజీ దగ్గర ఆగిపోయింది. అన్ని హైడ్రెంట్ వాల్వులూ మూసే ఉన్నాయి. నీళ్లు పోవడానికి దారి లేనప్పుడు ఈ పంపు నాలుగు కేజీలు దాటాలి. ఏడో అంతస్తు వాల్వు తెరిస్తే హోస్ నుంచి తోటకు పట్టినట్టు నీళ్లు వచ్చాయి.

సర్వీసుకు వచ్చిన టెక్నీషియన్ చూసి, "ఇంపెల్లర్ అరిగిపోయింది సార్, కొత్త పంపు వేసుకోండి" అన్నాడు. (ఇంపెల్లర్ అంటే పంపు లోపల తిరుగుతూ నీళ్లను నెట్టే రెక్కల చక్రం.) కొటేషన్ కూడా పంపాడు. కమిటీ దాదాపు ఒప్పేసుకుంది.

నాకు ఒక్క అంకె నచ్చలేదు. ప్యానెల్ మీద అమ్మీటర్ 18 ఆంపియర్లు చూపిస్తోంది, అంటే మోటారు ఫుల్ లోడ్. ఇలా ఇంపెల్లర్ తిరిగే సెంట్రిఫ్యూగల్ పంపులో నీళ్లు ఎంత ఎక్కువ పారితే మోటారు అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. డెలివరీ, అంటే నీళ్లు బయటికి పోయే వైపు, మూసి ఉంటే తక్కువ లాగాలి. ఇంపెల్లర్ అరిగి ఉంటే ఇంకా తక్కువ లాగాలి. ఇక్కడ అన్నీ మూసి ఉన్నా ఫుల్ లోడ్ లాగుతోందంటే నీళ్లు ఎక్కడో పారుతున్నాయి. పంపు బలంగానే ఉంది, దాని బలం ఎటో పోతోంది.

పైపు వెంట చేయి పెట్టుకుంటూ వెళ్లాం. పంపుకు పక్కగా ఒక బైపాస్ లైన్ ఉంది. పంపు చెడిపోయినా, కరెంటు లేకపోయినా ట్యాంకు నీళ్లు తమంతట తామే లైన్‌లోకి దిగడానికి దాన్ని వేస్తారు. అందులో ఒక ఎన్ఆర్‌వీ ఉంటుంది. నీళ్లు ట్యాంకు నుంచి లైన్‌లోకి పోవచ్చు, లైన్ నుంచి వెనక్కి రాకూడదు. పంపు నడుస్తుండగా బైపాస్ పైపు మీద చేయి పెడితే లోపల నీళ్లు జోరుగా పోతున్నట్టు అదురు తెలిసింది.

బైపాస్‌లోని గేట్ వాల్వును ప్లంబర్ అన్న నెమ్మదిగా మూస్తుంటే నేను గేజ్ చూస్తూ నిల్చున్నాను. ముల్లు ఒకటిన్నర, రెండు, మూడు దాటి 4.4 దగ్గర నిలబడింది. ఆంపియర్లు 18 నుంచి 11కి దిగాయి. ఇంపెల్లర్‌కు ఏమీ కాలేదు. పంపు నెట్టిన నీళ్లు బైపాస్‌లోంచి తిరిగి పంపు వెనక్కే వచ్చి, మళ్లీ పంపులోకే పోతూ, అక్కడక్కడే తిరుగుతున్నాయి.

పంపు ఆపి, ఎన్ఆర్‌వీ కవర్ బోల్టులు విప్పాం. లోపల తలుపు రెక్కలా వేలాడే పలక సగం తెరుచుకుని అలాగే పట్టేసింది. కీలు పిన్ను తుప్పుతో వాచిపోయింది. పలక ఆనాల్సిన ఇత్తడి అంచు మీద అరచేతిలో పట్టేంత తుప్పు పెచ్చులు, వాటి మధ్య గోరంత వెల్డింగ్ చిట్టెం ముక్క. బిల్డింగ్ కట్టిన రోజుల్లో పైపు అతికినప్పుడు పడిన ముక్క అయి ఉంటుంది. ఆ ముక్క వల్ల ఆ పలక ఎప్పుడూ పూర్తిగా మూసుకోలేదు, కొన్నేళ్లకు అక్కడే తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

దీనివల్ల జరిగే రెండో నష్టం ఇంకా పెద్దది. ఫైర్ ఇంజన్ వచ్చి కిందనుంచి నీళ్లు కొడితే అవి ఎర్ర పైపులో పైకెక్కి, ఈ తెరిచి ఉన్న ఎన్ఆర్‌వీ గుండా టెర్రస్ ట్యాంకులోకి పోయి, అక్కడ నిండి పొంగి టెర్రస్ మీద పారేవి. ఏడో అంతస్తులో హోస్ పట్టుకున్న ఫైర్‌మన్‌కు ప్రెషర్ అందేది కాదు. అంటే మాకున్న రెండు దారులనూ ఈ ఒక్క పలకే చెడగొడుతోంది.

కొత్త ఎన్ఆర్‌వీ వేశాం. వేసేటప్పుడు దాని మీది బాణం గుర్తు లైన్ వైపు ఉందని ఇద్దరం విడివిడిగా చూసుకున్నాం. పంపు డెలివరీలో ఉన్న రెండో ఎన్ఆర్‌వీని కూడా విప్పి శుభ్రం చేశాం, దాని సీటు బాగానే ఉంది. కొత్త పంపు కొటేషన్‌లో పదో వంతు కూడా ఖర్చు కాలేదు.

ఇలాంటి లైన్ ఉన్న వాళ్లు పంపు మార్చమని ఎవరైనా చెబితే ముందు ఈ పరీక్ష చేయండి. అన్ని హైడ్రెంట్లూ మూసి, పంపు నడిపి, ప్రెషర్, ఆంపియర్లు రెండూ రాసుకోండి. ప్రెషర్ తక్కువగా, ఆంపియర్లు ఎక్కువగా ఉంటే నీళ్లు ఎటో జారిపోతున్నట్టు. రెండూ తక్కువగా ఉంటే అప్పుడు ఇంపెల్లర్‌ను అనుమానించండి. మూసిన పంపును మాత్రం ఎక్కువ సేపు నడపకూడదు, లోపలి నీళ్లు మరిగిపోతాయి.

మార్చి చివర: కరెంటు

మంట వచ్చిందనగానే ముందు బిల్డింగ్ మెయిన్ ఆపుతారు, ఆపాలి కూడా. మా పంపుకు కరెంటు ఆ మెయిన్ తర్వాత ఉన్న కామన్ ప్యానెల్ నుంచి వస్తోంది. మెయిన్ ఆపి చూశాం, లిఫ్టుతో పాటు పంపూ ఆగిపోయింది. మరి మంట వచ్చిన రోజు ఇది దేనికి పనికొస్తుంది?

లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో, అనుమతి తీసుకుని, మెయిన్ స్విచ్‌కు ముందు నుంచే విడిగా ఒక లైన్ వేయించాం. దానికి వేరే స్విచ్, మంటను తట్టుకునే కేబుల్, మీద ఎర్ర అక్షరాలతో "ఫైర్ పంపు, ఆపవద్దు" అని బోర్డు. జనరేటర్ వైపు నుంచి కూడా కలిపాం. ఈ ప్రాజెక్టులో ఎక్కువ డబ్బు పోయింది దీనికే, అది సరైన ఖర్చే.

పంపు దానంతటదే స్టార్ట్ కావాలా వద్దా అన్నది ఎంచే సెలెక్టర్ స్విచ్ ప్యానెల్‌లో "ఆఫ్"లో ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, "రాత్రిళ్లు దానంతటదే మోగుతుంది సార్, పైవాళ్లు తిడుతున్నారు, అందుకే ఆపాను" అన్నాడు. అతని తప్పు లేదు. లైన్‌లో ప్రెషర్ రెండున్నర కేజీలకు పడితే ప్రెషర్ స్విచ్ పంపును స్టార్ట్ చేస్తుంది. ఎవరైనా హైడ్రెంట్ తెరిచారని దాని అర్థం. హైడ్రెంట్లు సన్నగా కారుతుంటే కూడా ప్రెషర్ పడుతుంది, అప్పుడు అర్ధరాత్రి పంపు మోగుతుంది. రోగం కారడం దగ్గర ఉంది.

ఇంకో మార్పు చేయించాం. బాత్‌రూమ్‌లకు పెట్టుకునే ప్రెషర్ పంపు నల్లా కట్టేయగానే ఆగిపోతుంది. ఫైర్ పంపు అలా ఆగకూడదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక మనిషి వెళ్లి చేత్తో ఆపేదాకా నడవాలి. ఫైర్‌మన్ ఒక్క క్షణం నాజిల్ కట్టేసి మళ్లీ తెరిస్తే మధ్యలో పంపు ఆగి, తిరిగి స్టార్ట్ అయ్యేదాకా ఎదురుచూసే పరిస్థితి రాకూడదు. ప్యానెల్ వైరింగ్ ఆ ప్రకారం మార్పించాం.

ఏప్రిల్ మొదటి వారం: వాల్వులు, హోస్‌లు, లైన్ పరీక్ష

అన్ని అంతస్తుల హైడ్రెంట్ వాల్వులూ విప్పి రబ్బరు వాషర్లు మార్చాం. మూడో అంతస్తు వాల్వు చక్రం బిగుసుకుపోయి ఇద్దరు కలిసి తిప్పినా కదల్లేదు, డీజిల్ పోసి ఒక రాత్రి వదిలేశాక వచ్చింది. హోస్‌లు చాలావరకు మడతల దగ్గర పగిలాయి, పారేశాం. మడతలు ఎప్పుడూ ఒకే చోట ఉండకుండా మూడు నెలలకోసారి విప్పి చుట్టాలని రాసిపెట్టాను.

తర్వాత చేతి పంపుతో లైన్‌ను 10 కేజీలకు ఎక్కించి పట్టి ఉంచాం, ఫైర్ ఇంజన్ ఏడు కొట్టినా భయం ఉండకూడదని. పైపులు కలిసే ఒక చోట ఫ్లాంజ్ గ్యాస్కెట్ చెమర్చింది, మార్చాం. పైపు పైకొసన ఉన్న ఎయిర్ రిలీజ్ వాల్వు రంగుతో మూసుకుపోయింది, గీకి తెరిచాం. ఖాళీ పైపులోకి కిందనుంచి నీళ్లెక్కితే లోపలి గాలి పోవడానికి దారి ఉండాలి కదా. ఆ సాయంత్రం పంపుతో ప్రెషర్ ఎక్కించి వదిలితే తెల్లారేసరికి గేజ్ నాలుగు కేజీల దగ్గరే ఉంది. సెలెక్టర్‌ను "ఆటో"లో పెట్టాం. వాచ్‌మన్ నిద్రకు ఇక అడ్డం లేదు.

నీళ్లు వదిలి చూసిన ఆదివారం

గేజ్ మూసిన లైన్‌లో చూపించే ప్రెషర్ వేరు, నీళ్లు పారుతున్నప్పుడు మిగిలే ప్రెషర్ వేరు. రెండోదే కావాలి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తులో మంట మొదలైంది. హైడ్రెంట్ల దగ్గర ప్రెషర్ తగ్గించే వాల్వులు పెట్టారు, వాటి సెట్టింగు తప్పు. నీళ్లున్నా హోస్‌లలో జోరు లేదు. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మంట 30వ అంతస్తుకెళ్లి అక్కడున్న స్ప్రింక్లర్ల (వేడికి తెరుచుకుని పైకప్పు నుంచి నీళ్లు చిమ్మే నాజిల్స్) వల్ల ఆగింది. ఎవరో ముందే ఒకసారి నీళ్లు పారించి కొలిచి ఉంటే ఆ సెట్టింగు బయటపడేది.

అందుకే మేం కొలిచాం. ఏడో అంతస్తు నుంచి ఒకటి, ఆరో అంతస్తు నుంచి ఒకటి, రెండు హోస్‌లు టెర్రస్ మీదికి లాగాం. మొదట వచ్చిన నీళ్లు టీ రంగులో ఉన్నాయి, తేటపడేదాకా వదిలాం. ఎండాకాలంలో నీళ్లు వృథా అని కొందరు బాధపడ్డారు. టెర్రస్ వాన నీటి పైపులన్నీ ఇంకుడు గుంతలోకే పోతాయని, ఈ నీళ్లు మా బోరు పక్కనే భూమిలోకి దిగుతాయని చెప్పాక ఊరుకున్నారు.

నిమిషానికి ఎన్ని లీటర్లో తెలుసుకోవడానికి ఫ్లో మీటర్ లేదు. ఫైర్ గది లోపలి కొలత 4 మీటర్లకు 4 మీటర్లు. ట్యాంకులోకి నీళ్లు వచ్చే నల్లా కట్టేసి, గుర్తులు పెట్టిన కర్ర దింపి, ఐదు నిమిషాలు రెండు హోస్‌లూ వదిలాం. మట్టం 27 సెంటీమీటర్లు దిగింది. అంటే 4,320 లీటర్లు, నిమిషానికి 864. ఏడో అంతస్తు వాల్వు దగ్గర పెట్టిన గేజ్ నీళ్లు పారుతుండగా 3.6 చూపించింది. నేను ఆశించిన దానికంటే మంచి అంకెలే. అంత వయసున్న పంపు అది!

అదే లైన్ అడుగున, స్టిల్ట్ వాల్వు దగ్గర, అన్నీ మూసి ఉన్నప్పుడు 6.6 కేజీలు. నియమావళిలోని ఏడు కేజీల పరిమితికి లోపలే ఉంది, కానీ వాల్వు ఒక్కసారిగా తెరిస్తే హోస్ పాములా కొట్టుకుంటుంది. కింది రెండు అంతస్తుల బాక్సుల మీద "నెమ్మదిగా తిప్పాలి, ఇద్దరు పట్టుకోవాలి" అని అతికించాం. 20 మిల్లీమీటర్ల నాజిల్ మూతి దగ్గర మూడు కేజీలుంటే అది మనిషిని వెనక్కి నెట్టే బలం దాదాపు 19 కిలోలు. మూడో అంతస్తులో ఉండే ఆంటీ ఒకరు నాజిల్ పట్టుకుని, "అమ్మో, ఇంత ఉంటుందా!" అని, వెనక నిలబడ్డ అబ్బాయిని, "గట్టిగా పట్టుకో నాన్నా" అన్నారు. ఆ తర్వాత నాజిల్ పట్టుకుంటామని చాలామంది వరస కట్టారు.

ఏప్రిల్ వారోత్సవాలు

ఫైర్ స్టేషన్ నుంచి సిబ్బంది బండితో వచ్చారు. కింది ఇన్‌లెట్‌కు హోస్ తగిలించి ఏడు కేజీలకు ఎక్కించారు. నేను టెర్రస్ ట్యాంకు దగ్గర కర్ర పట్టుకుని కూర్చున్నాను. మట్టం కదల్లేదు, కొత్త ఎన్ఆర్‌వీ గట్టిగా మూసుకుంది. ఏడో అంతస్తులో వాల్వు తెరిస్తే జోరుగా వచ్చింది. బండి పంపు దగ్గరున్న ఆయన తన గేజ్ చూసి, "సరిపోతుంది సార్" అన్నారు. రెండో మూతి క్యాప్ తీయించి పలక పట్టిందో లేదో కూడా ఆయనే చూశారు, చుక్క రాలేదు.

అక్కడున్న ఒక పెద్దాయన, ఇన్నేళ్లలో మన దగ్గర ఎప్పుడైనా మంట వచ్చిందా అని నన్ను అడిగారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంట వచ్చి ఆరుగురు చనిపోయిన సంగతి చెప్పాను, పొగకు ఊపిరాడకే ఎక్కువగా ప్రాణాలు పోతాయని కూడా. ఫైర్ సిబ్బంది ఒకరు అందుకుని, మెట్ల తలుపులు ఎప్పుడూ మూసి ఉంచమని, మెట్ల దారిలో చెప్పుల స్టాండ్లు తీసేయమని చెప్పారు. ఆ రోజు సాయంత్రమే కొన్ని స్టాండ్లు లోపలికి వెళ్లాయి, ఇంకా కొన్ని ఉన్నాయి.

మిగిలిన పనులు

చిన్న జాకీ పంపు ఒకటి పెట్టాలి. సన్నగా కారే నీళ్లను అది భర్తీ చేస్తే పెద్ద పంపు అనవసరంగా స్టార్ట్ కాదు. కొటేషన్లు వస్తున్నాయి. ఫైర్ గది మట్టం తగ్గితే కింద వాచ్‌మన్ గదిలో బెల్లు మోగే ఫ్లోట్ స్విచ్ వచ్చే వారం బిగిస్తారు. నెలకోసారి, మొదటి ఆదివారం ఉదయం, పంపు నడిపి ప్రెషర్, ఆంపియర్లు రాసే రిజిస్టర్ మొదలుపెట్టాం. మొదటి పేజీలో 4.4, 11 అని ఉంది. ఆ రెండు అంకెల్లో ఏది మారినా ముందు బైపాస్ ఎన్ఆర్‌వీ విప్పి చూడమని పేజీ పైన ఎర్ర పెన్నుతో రాశాను.